సంఘాచారములను మార్చుటకు జనులను పురికొల్పునదేది?

మా పాఠశాలలో ప్రతిసంవత్సరము జరుగు వ్యాసరచనపోటీని చదువరులెల్లరు నెఱుగుదురు. అందు నియమింపబడు విషయములలో వరకట్నము తప్పక యుండును. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ విషయమున ప్రథమబహుమానమందిన విద్యార్థి యొకడు ఉద్యోగస్థుడై, తన వివాహాహ్వానపత్రిక నియ్య మాయింటికి వచ్చెను. మాటలసందర్భమున తనకు ముట్టిన కట్నమెంతయో దాచక చెప్పెను. "నాయనా, నీవు వ్రాసిన వ్యాసము జ్ఞాపకమున్నదా?" యని యడిగితిమి. అతడు తలవంచుకొని కొంతసేపూరకుండి, "అయ్యా, తమ వివాహమున తామేమియు పుచ్చుకొనలేదా?" యని వినయముతోనే ప్రశ్నించెను.

పుచ్చుకొంటిమి. లక్షరూపాయలును, ఒక మోటారుబండియు.

ఆ ప్రశ్న మమ్ము చాలదినములు వెన్నాడెను. తప్పని యెఱిగియు మనుష్యుడు ఆచారము నేల విడువడు? ఏది కనబడినప్పుడు విడుచును? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుచు మేము రాజమహేంద్రవరపు చరిత్రను మరల చదివితిమి. అందు దొరకినదానినే యిచ్చట వివరించుచున్నాము.

చట్టము చేసిన చాలునని కొందఱందురు. వరకట్నమును నిషేధించు చట్టము 1961లోనే పుట్టినది. దాని గతి యెట్లున్నదో పెండ్లిపందిళ్లలో కూర్చున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వితంతువుల పునర్వివాహము న్యాయసమ్మతమని ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లో శాసనమయ్యెను. అయినను తెలుగుదేశమున మొదటిదిగా ప్రసిద్ధికెక్కిన వితంతువివాహము 1881 వఱకు జరుగనేలేదు. ఇచ్చట నొకమాట: మాఱుమనువు అనేక కులములలో పూర్వమునుండియు గలదు, నిషేధమంతయు అగ్రవర్ణములవారిది. ఇరువదియైదేండ్లపాటు శాసనము పుస్తకములలోనే యుండెను, బాలవితంతువులు వంటయిండ్ల మూలలనే యుండిరి.

వాదముచేత నొప్పింపవచ్చునని మఱికొందఱందురు. వాదమున వీరేశలింగము పంతులుగారిని మించినవారు ఆ కాలమున నరుదు. 1874లో వివేకవర్ధనిని స్థాపించి, దురాచారములను పరిహాసముతో చీల్చి చెండాడిరి. 1879లో వితంతువివాహమును గూర్చి బహిరంగోపన్యాసము చేసి, పరాశరస్మృతినుండియే ప్రమాణములు చూపిరి. పండితులు ఖండించిరి, పంతులుగారు మరల సమాధానము చెప్పిరి. ఊరంతయు వాదప్రతివాదములతో మాఱుమ్రోగెను. ఇంత జరిగినను, సభలో కరతాళధ్వనులు చేసినవారిలో నొక్కడైనను ఇంటికిపోయి తన వితంతుపుత్రికకు సంబంధము వెదకినట్లు కానరాదు. వాదమున నోడినవాడు ఆచారమును విడుచుననుట ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి ప్రియమైన భ్రమ.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి ఆ యూరిలో మొదటి వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. దౌర్జన్యము జరుగునను భయముచేత పోలీసువారు కావలియుండవలసివచ్చెను. కళాశాలావిద్యార్థులు పంతులుగారి పక్షమున నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. వివాహమైన పిదప అసలు పరీక్ష మొదలయ్యెను. బహిష్కారము వచ్చినది. పౌరోహిత్యమునకు బ్రాహ్మణుడు దొరకడు, వంటకు వంటవాడు రాడు, నీళ్లు తెచ్చువారు మానివేసిరి. నిన్నటి మిత్రులలో పెక్కురు భీతిల్లి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి.

అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని గోదావరికి తామే పోయి నీళ్లు తెచ్చిరి. వంటయు తామే చేసిరి. ఆ దంపతులు క్రొత్తజంటలకు తమ యింటనే తావిచ్చి పోషించిరి. మొదటి వివాహమైన నాలుగుదినములకే రెండవది జరిగెను. ఆపై మఱికొన్ని జరిగెను.

ఆ బిందెడు నీళ్లయందే మా ప్రశ్నకు సమాధానము గలదని మాకు తోచుచున్నది. ఆచారమును మీఱదలచిన తండ్రి "ఇది ధర్మమా, అధర్మమా?" యని మాత్రమే యోచింపడు. "రేపు మాయింటికెవరు వత్తురు? చెల్లెలి కెవరు సంబంధమిత్తురు? చావు వచ్చిన మోయువారెవ్వరు?" అని యోచించును. ఈ ప్రశ్నలకు స్మృతివాక్యము సమాధానము చెప్పజాలదు. తనవంటి సంసారి యొకడు ఆ కష్టమునంతయు ననుభవించియు బ్రదికియుండుట కన్నులార చూచినప్పుడును, తనకు నీళ్లు తెచ్చియిచ్చు పొరుగిల్లొకటి యున్నదని నమ్మినప్పుడును అతని కాలు కదలును. ధైర్యము అంటుకొను గుణముగలది. కాని దూరమునుండి అంటుకొనదు.

ఇది పూర్వకాలపు సంగతి యనువారికి నెల్లూరు జిల్లాలోని దూబగుంటను చూపుచున్నాము. 1991లో ఆ జిల్లాయందు అక్షరదీపమను వయోజనవిద్యోద్యమము నడచెను. పగలెల్ల కూలిచేసి వచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపముచెంత కూర్చుండి, సారావలన చెడిన కాపురములను గూర్చి పాఠములు చదివిరి. సారా చెడ్డదని వారికి పుస్తకము నేర్పవలెనా? దెబ్బలు తిన్నది వారే. అంతవఱకు ప్రతి స్త్రీయు అది తన నుదుటివ్రాత యనుకొని తలుపు మూసికొని యేడ్చినది. రాత్రిబడిలో ప్రక్కనున్నదాని కథయు తన కథయు నొక్కటేయని తెలిసికొనినది. 1992లో రోశమ్మ మొదలగువారు ముందునడువ, గ్రామస్త్రీలందఱు నేకమై సారాదుకాణమును మూయించిరి. ఆ వార్త ఊరినుండి యూరికి ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రాజమహేంద్రవరమున చట్టము ముందు, జనులు వెనుక. దూబగుంటలో జనులు ముందు, చట్టము వెనుక.

ఆ మద్యనిషేధము 1997లో సడలింపబడినదని కూడ చెప్పకున్న అసత్యమగును.

ఈ సంవత్సరము వ్యాసరచనకు మరల వరకట్నమునే నియమించితిమి. అయితే విషయమును నల్లబల్లపై వ్రాయుటకు ముందు, మేము పుచ్చుకొన్న మొత్తమును వ్రాసితిమి. తరగతి నిశ్శబ్దమయ్యెను. వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, "తిరిగి యిచ్చివేసితిరా, అయ్యా?" యని యడిగినది.

ఆ విషయమును మాయింట నంతకుముందే ప్రస్తావించియుంటిమి. మా మామగారు నవ్వి, "ఇరువదేండ్లయిన పిమ్మట నేల బాబూ?" యనిరి. మా భార్య మాత్రము నవ్వలేదు. "ఆ సొమ్మునకై మా నాయన అమ్మిన చేను నాకు జ్ఞాపకమున్నది" అన్నది. జీతమునుండి నెలనెల కొంత యిచ్చుచున్నాము. ఇంకను సగమునకు పైగా మిగిలియున్నదని ఆ బాలికతో చెప్పితిమి.