కత్తికి కొలిమి, ఒరకు తేమ

సమురాయ్ కత్తి అనగానే అందరి చూపూ ఉక్కు మీదికే పోతుంది. ఇనుమును మడిచి మడిచి సాగగొట్టడం, నీళ్లలో ముంచి పదును తేవడం గురించి పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. ఆ కత్తిని తుప్పు పట్టకుండా దాచిన ఒర గురించి రాసినవాళ్లు తక్కువ. రసాయనశాస్త్రం కళ్లతో చూస్తే మాత్రం, ఒర కత్తికి ఏమాత్రం తీసిపోదు.

ఒర లోపల ఉండేది హోనోకి కర్ర. సంపెంగ కుటుంబపు చెట్టు, మెత్తని కలప. రెండు బద్దలను కత్తి వంపుకు సరిగ్గా తొలిచి అన్నం జిగురుతో అతికిస్తారు. ఎప్పుడైనా లోపల శుభ్రం చేయాలంటే విప్పడానికి వీలుగా ఉండాలని ఈ జిగురు.

పైన పూసేది ఉరుషి చెట్టు పాలు. ఈ చెట్టు మన మామిడి, జీడిమామిడి కుటుంబానిదే. బట్టలకు చెరగని గుర్తు పెట్టడానికి చాకలివాళ్లు వాడిన నల్లజీడి కూడా ఆ కుటుంబానిదే. జీడి సొన తగిలి ఒళ్లు పొక్కినవాళ్లకు ఉరుషి పనివాళ్ల దద్దుర్ల బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

మామూలు రంగు ఆరాలంటే ఎండో, గాలో తగలాలి. ఉరుషికి తేమ కావాలి. పూత వేసిన ఒరను చెక్క బీరువాలో పెట్టి, లోపలి గాలిలో తేమ 70 నుంచి 85 శాతం, వేడి 20 నుంచి 30 డిగ్రీలు ఉండేలా చూస్తారు. అక్కడ జరిగేది నీరు ఎగిరిపోవడం కాదు. ఆ పాలలో ఉరుషియోల్ అనే నూనెలాంటి పదార్థం ఉంటుంది, దానిలో సన్నని నీటి బొట్లు, ఆ బొట్లలో లాకేజ్ అనే ఎంజైమ్. లాకేజ్‌లోని రాగి పరమాణువుల సాయంతో గాలిలోని ఆక్సిజన్ ఉరుషియోల్ మీద పనిచేస్తుంది, అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. గట్టిపడ్డాక దాన్ని ఆమ్లాలూ ఆల్కహాలూ కరిగించలేవు. గాలి పొడిగా ఉంటే ఎంజైమ్ చతికిలబడుతుంది, పూత జిడ్డుగానే మిగిలిపోతుంది. జపాన్ రసాయనవేత్త హికొరొకురో యోషిదా 1883లో ఈ పాలను శోధించి, గట్టిపరిచే పదార్థం అందులోనే ఉందని తేల్చాడు. ఎంజైముల చరిత్రలో ఇది తొలి అధ్యాయాల్లో ఒకటి.

ఆ నిగనిగలాడే నలుపు కూడా రసాయనమే. కాస్త ఇనుము కలిపితే చాలు, ఉరుషియోల్ దానితో కలిసి తనంతట తానే నల్లబడుతుంది. సమురాయ్‌ల చివరి యుగమైన ఎడో కాలంలో కొలువుకు వెళ్లే సమురాయ్ ఒర ఈ నలుపులోనే ఉండాలి. ముచ్చటలన్నీ మిగతా వేళల ఒరల మీద తీర్చుకున్నారు.

ఆ ముచ్చటలకు మూలసూత్రం ఒకటే: ముందు పాతిపెట్టు, తర్వాత అరగదీయి. జపాన్ ఉత్తరాన ఉన్న త్సుగరు ప్రాంతపు ‘ననకో’ పద్ధతిని చూడండి. తడి పూత మీద ఆవాల జాతి గింజలను ఒత్తుగా చల్లుతారు. ప్రతి గింజ చుట్టూ పూత కొద్దిగా పైకి పాకుతుంది. గట్టిపడ్డాక గింజలు గీకేస్తే, ఒక్కోదాని చోట చిన్న గట్టు కట్టిన గుంట మిగులుతుంది. దాని మీద వేరే రంగు పూసి, ఆరాక సమంగా అరగదీస్తారు. గట్ల కొసలు తెగి వేలకొద్దీ సన్నని ఉంగరాలు బయటపడతాయి. కుంచె పట్టి గీసింది ఒక్కటీ లేదు.

వెడల్పు రెక్కల టేకు చేప చర్మంతోనూ ఇదే పని. ఆ చర్మం నిండా పంటి పదార్థంతో చేసిన గట్టి బొడిపెలు. వాటి మధ్య సందులను నల్లని ఉరుషితో నింపి అరగదీస్తే నలుపులో తెల్లని చుక్కలు తేలతాయి.

ముత్యపు చిప్ప పొదిగే ‘రాదెన్’ ఇంకా పాతది. నారాలోని కసుగ ఆలయంలో 12వ శతాబ్దపు కత్తి ఒకటుంది. దాని ఒర మీద, బంగారు పొడి నేల మీద, వెదురు పొదల్లో పిల్లి పిచ్చుకలను తరుముతుంది. చిప్పలో రంగుద్రవ్యం ఏమీ లేదు. అరమైక్రాన్ మందం పొరల మధ్య కాంతి తరంగాలు కలిసి రంగులు పుట్టిస్తాయి. వెలిసిపోవడానికి అక్కడ రంగంటూ లేదు.

1876లో జపాన్ ప్రభుత్వం కత్తి ధరించడాన్ని నిషేధించింది. ఒరల పనితనం పెట్టెల మీదికి, పళ్లేల మీదికి మళ్లింది. త్సుగరు సామాన్లు అప్పటికే 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన చూసొచ్చాయి.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం జపాన్ సేకరణలో సమురాయ్ కత్తులున్నాయి. ఈసారి వెళ్తే ఉక్కు దగ్గరే ఆగిపోకండి. వెలుగు ఏటవాలుగా పడే చోట నిలబడి ఒరను కూడా చూడండి.