హోటల్ వంటగదికి శుభ్రమైన ఆకుకూర



బిర్యానీలో మాంసం హలాలా కాదా అని అడుగుతాం. పైన చల్లిన కొత్తిమీర, పక్కన పెట్టిన కీరా, ఉల్లిపాయల సంగతి అడగం. మాంసం ఉడుకుతుంది, వీటిని పచ్చిగానే తింటాం. జాగ్రత్త ఇక్కడే ఎక్కువ కావాలి.

గోదావరి లంకల్లో కూరగాయలు పండుతాయి. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం సాగుతోంది. అలాంటి రైతుల సరుకును రాజమహేంద్రవరం హోటళ్లకు వేసే వ్యాపారం మన యువకులకు అనువైనది.

పాటించవలసినవి నాలుగు. మందు కొట్టిన పంటైతే డబ్బా లేబుల్‌పై చెప్పిన గడువు దాటాకే కోయించాలి; మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడటం 2005 నుంచే నిషేధం. కాలువ నీటితో కాక, తాగే నీటితో కడగాలి. ఏ రోజు ఏ రైతు దగ్గర కొన్నదీ పుస్తకంలో రాయాలి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

అసలు చిక్కు డబ్బు దగ్గర. రైతుకు రోజూ నగదు ఇవ్వాలి. హోటలు 15 రోజులకోసారి బిల్లు ఇస్తుందనుకుందాం. రోజుకు 3,000 రూపాయల సరుకు వేస్తే 45,000 నిలిచిపోతుంది. వడ్డీకి తెస్తే లాభం అక్కడే పోతుంది. తోపుడుబండి, కాటా కొనిచ్చి వదిలేస్తే చాలదు. ఆ 45,000 ఖర్జె హసనాగా ఇస్తే, తిరిగి వచ్చి మరొకరికి అందుతుంది.

హోటల్ యజమానులైన దాతలకు ఒక మనవి: బిల్లు వారం వారం చెల్లించండి. అప్పుడు 21,000 చాలు. అదే సొమ్ముతో ఇద్దరు నిలబడతారు.