మొటిమలున్న మొహానికి మెత్తని మాట

2015లో మలయాళ ‘ప్రేమమ్’ విడుదలైనప్పుడు కుర్రకారు మలర్ టీచర్ కోసం ఎంత వెర్రెత్తిపోయారో గుర్తుందా? సాయిపల్లవి బుగ్గల మీది మొటిమలు మొటిమల్లాగే కనిపించాయి. 2017లో మన ‘ఫిదా’లో భానుమతిగా వచ్చినప్పుడూ అంతే. మొటిమలున్నాయి, టిక్కెట్టు డబ్బులు తిరిగిచ్చెయ్యమన్న ప్రేక్షకుడు నాకింతవరకూ తగల్లేదు! పైగా ఆవిడ డాక్టరు చదువు చదివిన మనిషి. ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనలో నటించమంటే కాదనేసింది.

అయినా నాకు కనబడ్డ కుర్రాళ్ళూ, అమ్మాయిలూ అడిగేది ఒకటే: “ఫలానా తార మొహానికేం రాస్తుందండీ?” తెరమీద మీరు చూసే ఆ బుగ్గలో మేకప్‌మేన్ వాటా ఉంది, లైట్లవాళ్ళ వాటా ఉంది, కంప్యూటరు ముందు కూచుని మచ్చలు చెరిపేవాళ్ళ వాటా కూడా ఉంది. ఇంతమంది కలిసి మెరుగుపెట్టిన బుగ్గతో మీ అద్దంలోని బుగ్గకి పోటీ ఏమిటి చెప్పండి?

ఇంతకీ మొటిమ మురికివల్ల రాదు సుమా! ఈడొచ్చేసరికి హార్మోన్లు విజృంభిస్తాయి, చర్మంలోని గ్రంథులు నూనె ఎక్కువ ఊరిస్తాయి, రాలాల్సిన చర్మకణాలు ఆ రంధ్రానికి బిరడా వేస్తాయి. లోపల సూక్ష్మక్రిములు పెరిగి వాపు వస్తుంది. కథంతా లోపల నడుస్తుంటే పైన పీచుపెట్టి తోమితే ఏం లాభం? మామూలు చర్మానిది కాస్త ఆమ్లగుణం, పి.హెచ్. 5 దగ్గర ఉంటుంది. ఒంటిసబ్బుది 9, 10 దాకా పోతుంది. కడిగాక మొహం బిర్రబిగిసిందంటే, ఉండాల్సిన తడీ నూనే కూడా ఊడిపోయాయన్నమాట.

వాసన లేని మృదువైన క్లెన్సరు ఏదైనా చాలు. పొద్దున్నోసారి, రాత్రోసారి. ఆటలాడి చెమటపడితే మరోసారి. వేళ్ళకొసలతో రాసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తువ్వాలుతో అద్దుకోండి. మరీ జిడ్డు మొహమైతే 2 శాతం దాటని శాలిసిలిక్ యాసిడ్ ఉన్నది వాడి చూడొచ్చు. ఖరీదుకీ మెత్తదనానికీ చుట్టరికం లేదు.

మందుల సంగతికొస్తే, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలెట్టండి. 10 శాతమైతే నాలుగింతలు పనిచేస్తుందనుకోకండి, పెరిగేది మంటే! అన్నట్టు దిండుగలీబులు రంగు వెలిసిపోతాయి, అమ్మ తిడితే నాకు సంబంధం లేదు. అడాపలీన్ అయితే డాక్టరునడిగి రాత్రిపూట బఠాణీగింజంత మొహమంతా రాయాలి. గర్భిణులు ముట్టుకోకూడదు. మొదట్లో పొట్టు రేగుతుంది, మొటిమలు పెరిగినట్టు కూడా ఉంటుంది. మొదటివారం కలెక్షన్లు చూసి ఫ్లాపని తేల్చెయ్యకండి, 8 నుంచి 12 వారాలు ఆడనివ్వండి.

ఇంత ఓపిక లేకే మా మేనకోడలు ఇంటర్లో ఉన్నప్పుడు ఒక మందుల దుకాణానికి వెళ్ళింది. “ఇది రాయమ్మా, వారంలో హీరోయిన్‌లా అయిపోతావ్” అని ట్యూబు ఇచ్చారు. నిజంగానే అయింది! “మావయ్యా, చూశావా?” అని మురిసిపోయింది. రెండు నెలలు రాసి మానేసేసరికి మొహం కందగడ్డ. ఎండలోకెళితే మంట, మునుపటికన్నా ఎక్కువ మొటిమలు. పెళ్ళికి రమ్మంటే తలుపేసుకుని కూచుంది. ట్యూబు చూడగానే చర్మవైద్యురాలు చెప్పేసింది, స్టెరాయిడ్ అని. ఆ పిల్ల తేరుకోవడానికి నెలలు పట్టింది.

అందుకే డబ్బామీద చిన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్... ఈ పేర్లలో ఏదున్నా మొటిమలకని కొనొద్దు. ఇలాంటి 14 రకాల పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అయినా చాలాచోట్ల అడిగితే చేతిలో పెట్టేస్తారు. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు గాభరాపడి ఉన్నపళాన మానెయ్యకుండా ముందు డాక్టర్ని కలవండి.

గడ్డల్లా వచ్చి నొప్పెడుతున్నా, గుంటలు పడుతున్నా ఆలస్యం చెయ్యొద్దు. గుంటలు పడ్డాక పూడ్చడం కష్టం. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవిభాగం ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబులన్నీ సంచీలో వేసుకెళ్ళండి. నిమ్మరసం, టూత్‌పేస్టు కూడా రాసుంటే అదీ చెప్పండి. వాళ్ళేం నవ్వరు, రోజూ వినేదే!