ఒక్క జలపాతమే లోకమైన కప్ప

కప్ప గుడ్లు పెడుతుంది, గుడ్డులోంచి తోకకప్ప వస్తుంది, దానికి కాళ్ళు మొలిచి కప్ప అవుతుంది. బడిలో మనమంతా చదువుకున్న పాఠం ఇదే. ఈ పాఠానికి లొంగని బుల్లి గోదురుకప్పలు ఆఫ్రికాలోని టాంజానియా కొండ అడవుల్లో ఉన్నాయి. వీటి పిల్లలు తల్లి కడుపులోనే తయారై, కప్పపిల్లలుగానే బయటికి వస్తాయి. శాస్త్రజ్ఞులు వీటిని ‘నెక్టోఫ్రినాయిడిస్’ అనే ప్రజాతిలో చేర్చారు.

ఒకప్పుడు పడమటి ఆఫ్రికాలోని నింబా కొండ కప్పనూ, ఇథియోపియా పర్వతాల కప్పలనూ కూడా ఈ ప్రజాతిలోనే లెక్కించేవారు. కానీ వాటి తీరు వేరు. టాంజానియా కప్పపిల్ల కడుపులో గుడ్డు సొనతోనే పెరుగుతుంది. నింబా కప్ప పిల్లలను సుమారు 9 నెలలు మోస్తూ లోపలే ఆహారం అందిస్తుంది. ఇథియోపియా కప్పలు గుడ్లే పెడతాయి. 1980 దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అలేన్ డ్యుబ్వా వాటిని వేరు ప్రజాతులుగా విడదీశాడు. దాంతో ఖండం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉందనుకున్న ప్రజాతి టాంజానియాకే పరిమితమైంది.

ఇదంతా పేర్ల పేచీ అనుకోకండి. ఏ జాతి ఎక్కడిదో తేలితేనే, ఏది పోతే తిరిగి రాదో తెలుస్తుంది. కిహాన్సీ కప్ప కథే ఇందుకు సాక్ష్యం.

1996లో ఉడ్జుంగ్వా కొండల్లోని కిహాన్సీ లోయలో ఈ పసుపుపచ్చ కప్ప కనబడింది. ఆడకప్ప సైతం 3 సెంటీమీటర్లు దాటదు. జలపాతం తుంపరతో నిత్యం తడిసే సుమారు 2 హెక్టార్ల నేల తప్ప దానికి మరో చోటు లేదు. అప్పటికే అక్కడ జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. దేశానికి కరెంటూ అవసరమే. 2000 నాటికి నదినీటిలో చాలా భాగం మళ్ళించడంతో తుంపర తగ్గింది. గొట్టాలతో నీళ్ళు చిమ్మే ఏర్పాటు చేసినా, 2003లో కప్పలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. కప్పల చర్మాన్ని పట్టి చంపే కైట్రిడ్ బూజు కూడా అక్కడ బయటపడింది. 2009లో ఈ జాతి సహజావాసంలో అంతరించిందని ప్రకటించారు.

అదృష్టవశాత్తూ 2000లోనే 499 కప్పలను అమెరికా జంతుప్రదర్శనశాలలకు పంపారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ, ఒహాయోలోని టొలీడో జూ వాటిని పెంచి సంతతిని వృద్ధి చేశాయి. ఆ సంతతిలో కొన్ని 2010లో టాంజానియా చేరాయి. 2012లో వాటిని సొంత లోయలో వదలడం మొదలుపెట్టారు. ఆనాడు ఆ 499 కప్పలను పంపకపోయి ఉంటే, నేడు ఈ జాతికి పుస్తకాల్లో పేరు మాత్రమే మిగిలేది.