నాడా తీసిన తరువాత

2021లో జపాన్ రాజధాని టోక్యోలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. గుర్రాలతో అడ్డుకంచెలు దూకించే పోటీలో స్వీడన్ జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులోని ఆల్ ఇన్, కింగ్ ఎడ్వర్డ్ అనే రెండు గుర్రాల కాళ్లకు నాడాలు లేవు! మీ భుజాలకంటే ఎత్తయిన కంచెలను అవి ఒట్టి కాళ్లతోనే దూకాయి.

నాడా లేకుండా గుర్రం పరుగెత్తగలదా అని మీకు సందేహం రావచ్చు. అడవి గుర్రాలకు ఎవరు నాడాలు కొట్టారు? తప్పక పరుగెత్తగలదు. కాని నిన్నటిదాకా నాడాలతో తిరిగిన గుర్రానికి వాటిని ఊడబెరికి, మర్నాడే కంకరరోడ్డు మీదికి తోలితే మాత్రం అది కుంటుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు గిట్ట అంటే ఏమిటో చూడాలి.

ఒంటివేలి నడక

మీ అరచేతిని ముడిచి, నడిమివేలు ఒక్కటే చాపి, దాని కొసను బల్లమీద నిలబెట్టండి. గుర్రం ప్రతి కాలికీ నేలమీద ఆనేది అలాంటి ఒక్క వేలే. ఆ వేలి కొస చుట్టూ పెరిగిన మందపాటి గోరే గిట్ట. ఎద్దుకు ఒక్కొక్క కాలికి రెండు వేళ్లు ఆనుతాయి. అందుకే దాని గిట్ట చీలి ఉంటుంది. కాలికి రెండేసి నాడాలు కొడతారు. గుర్రానికి ఒకటే చాలు.

మన గోళ్లలాగే గిట్ట కూడా కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దాని వెలుపలి గోడలో నరాలు లేవు, రక్తం లేదు. కనుక మేకులు ఆ గోడలోనే దిగితే గుర్రానికి నొప్పి ఉండదు. గోడ లోపల, అడుగున అరికాలు ఉంటుంది. దాని వెనుక భాగంలో ముక్కోణాకారంలో మెత్తని దిండులాంటి భాగం ఉంటుంది. కాలు మోపినప్పుడు బరువుకి గిట్ట మడమ వైపు కొద్దిగా విచ్చుకుంటుంది. ఎత్తగానే మళ్లీ దగ్గరవుతుంది. దీనివల్ల నేల తాకిడి తగ్గుతుంది, గిట్టలోని రక్తం పైకి వెళ్లడానికి సాయం అందుతుంది. మేకులతో బిగించిన ఇనుపనాడా ఈ కదలికను కొంత అడ్డుకుంటుంది.

మరి నాడా ఎందుకు కొడతారు? బరువులు లాగుతూ గట్టి రోడ్లపై రోజంతా తిరిగితే, గిట్ట పెరిగే వేగంకంటే అరిగే వేగం ఎక్కువవుతుంది. ఆ అరుగుదలను ఇనుము భరిస్తుంది. కాని ఇనుము మీద నిలిచిన గిట్టలో అరికాలు నేలకు అంతగా ఆనదు. ఎప్పుడూ చెప్పులు వేసుకునేవాడు ఎండాకాలంలో ఒట్టి కాళ్లతో కంకరమీద నడిస్తే ఎలా ఉంటుంది? నాడా తీసిన గుర్రం పరిస్థితి కూడా అంతే.

ఒక చిన్న లెక్క

గోరింటాకు పెట్టుకున్న గోటిని గమనించారా? కొన్నాళ్లకు మొదట్లో ఎర్రదనం లేని కొత్త గోరు కనిపిస్తుంది. నెల తరువాత స్కేలుతో కొలవండి. సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. గుర్రపు గిట్ట నెలకు సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదీ పైనుంచి, వెంట్రుకల అంచు దగ్గరినుంచి కిందికి.

నాడా మేకుల రంధ్రాలు గోడలో 2 సెంటీమీటర్ల ఎత్తుదాకా ఉన్నాయనుకుందాం. అవి కిందికి దిగి, అరిగి పోవడానికి రెండున్నర నెలలు పడుతుంది. గిట్ట ముందుగోడ పొడవు 8 సెంటీమీటర్లయితే, అది పూర్తిగా కొత్తది కావడానికి పది నెలలు! నాడా తీయడం ఒక్కపూట పని. గిట్ట కుదుటపడడం ఇంచుమించు ఏడాది పని.

ఈ ఏడాదిలో ఏం చేయాలి?

మొదట, నాడాను మొరటుగా పీకకూడదు. వంచిన మేకు కొసలను కోసిగాని, తిన్నగా చేసిగాని జాగ్రత్తగా తీయాలి. లేకపోతే గోడ పెచ్చులూడుతుంది. తరువాత గిట్ట అంచును ఆకురాయితో గుండ్రంగా రాయాలి. పదునైన అంచు రాయి తగిలితే చిట్లుతుంది. అరికాలిని మాత్రం చెక్కకూడదు. ఇప్పుడు గుర్రానికి దాని మందమే రక్షణ.

నడకను మెత్తని నేలమీద మొదలుపెట్టి, రోజురోజుకూ కొంచెం పెంచుతూ, క్రమంగా గట్టినేలకు అలవాటు చేయాలి. తప్పనిసరిగా రాళ్లదారిన పోవలసివస్తే గిట్టలకు తొడిగే బూట్లు దొరుకుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, పని తెలిసిన మనిషి చేత గిట్టను సరిచేయించాలి.

రోజూ అడుగున ఇరుక్కున్న రాళ్లను, పేడను తీసి శుభ్రం చేయాలి. పేడ, మూత్రాలతో తడిసిన చోట నిలబడితే సూక్ష్మజీవులు చేరి ఆ మెత్తని భాగం కుళ్లుతుంది. దుర్వాసనే దానికి మొదటి గుర్తు. దాణా మాటా మరవకూడదు. గింజలు మితిమీరి తింటే గిట్టలోపలి పొరలు వాచి, గోడకూ ఎముకకూ మధ్య పట్టు సడలిపోవచ్చు. అది చాలా బాధపెట్టే జబ్బు.

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. మేకులతో కొట్టే నాడాలు ఐరోపాలో బాగా వ్యాపించింది క్రీ.శ. 1000 ప్రాంతంలో. అంతకు ఎంతో ముందే, క్రీ.పూ. 4వ శతాబ్దిలో, గ్రీకు రచయిత జెనోఫోన్ గుర్రాల పెంపకం గురించి ఒక పుస్తకం రాశాడు. చెమ్మనేల గిట్టలను పాడుచేస్తుందనీ, సాల బయట చేతికి పట్టేంత గుండ్రాళ్లు పరిచి గుర్రాన్ని వాటిమీద నిలిపితే గిట్టలు గట్టిపడతాయనీ అందులో చెప్పాడు.

అయితే ప్రతి గుర్రానికీ నాడాలు తీసివేయాలని అనుకోకండి. దాని పని, అది తిరిగే నేల, గిట్టల ఆరోగ్యం చూసి పశువైద్యుణ్ణి అడిగి నిర్ణయించాలి.

ఈసారి పెళ్లి ఊరేగింపులోనో, సముద్రతీరంలోనో గుర్రం కనిపిస్తే, దాని కాళ్లకేసి చూడండి. అడుగులు పొట్టిగా వేస్తోందా? గట్టి దారిని వదిలి పక్కనున్న మట్టిలోకి పోవాలని చూస్తోందా? నిలబడి ఊరికే కాళ్లు మారుస్తోందా? అయితే దాని కాళ్లు నొప్పిపెడుతున్నాయన్నమాట. ఆ సంగతి దాని యజమానికి మర్యాదగా చెప్పండి. గుర్రం తనంతట తాను చెప్పుకోలేదు కదా!