ఏడవ నాటి విశ్రాంతి

విశ్రాంతి అనే మాట వినగానే మనవాళ్ళలో చాలామందికి సోమరితనమే గుర్తుకు వస్తుంది. పద్మనగరంలోనో, కామత్‌ఘర్‌లోనో పుట్టి పెరిగిన పిల్లవాడికి సాంచాల చప్పుడే జోలపాట. ఆ చప్పుడు ఆగితేనే పెద్దలకు నిద్ర పట్టదు. కరెంటు పోయిందేమో, బీము అయిపోయిందేమో, సేటు నూలు పంపలేదేమో అని దిగులు. పని ఆగడమంటే కూలి ఆగడమే గదా! ఇటువంటి భివండీలో కూర్చుని విశ్రాంతిని గురించి వ్రాయడం కొంత విడ్డూరంగా తోచవచ్చు. అయినా కాస్త ఓపిక పట్టి చదవవలెనని సోదర సోదరీమణులకు మనవి.

అమెరికాలో క్రైస్తవ సంఘాలు అనేకం తమ పాస్టరుకు కొన్నేళ్ళ సేవ తరువాత కొన్ని నెలల సెలవు ఇస్తాయి. దానిని సబ్బాటికల్ అంటారు. ఆ సెలవులో కొందరు చదువుకుంటారు. కొందరు ఉత్తరాన మినెసోటా రాష్ట్రంలో, కెనడా సరిహద్దు వెంట ఉన్న సరస్సుల అడవికి పోయి, చిన్న తెడ్ల పడవలో మౌనంగా రోజులు గడుపుతారు. అక్కడ వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయి. వాటిలో చాలావాటిపై మోటారు పడవలు తిరగకుండా 1978లో చట్టమే చేశారు. ఏడాది పొడుగునా ఒకరి పెళ్ళి, ఇంకొకరి చావు, మరొకరి సంసారపు తగవు తన నెత్తిన వేసుకునే మనిషికి కొన్నాళ్ళు ఎవరి మాటా వినిపించని చోటు కావాలి. అది ఆయన ఒక్కడి సుఖం కాదు. అలసిపోయినవాడు ఇతరులను ఓదార్చలేడు.

ఈ ఆచారానికి మూలం యూదుల ధర్మశాస్త్రంలో ఉన్నది. ఆరేళ్ళు విత్తిన భూమిని ఏడవ ఏట బీడు పెట్టవలెనని అందులో నియమం. ఆరు దినాలు పని చేసినవాడు ఏడవ దినాన ఆగవలెనని మరొక నియమం. ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ దినాన యజమాని ఒక్కడే కాదు, పనివాడు, పనికత్తె, ఎద్దు, గాడిద కూడా ఆగవలసిందే. 1880లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఈ ఏడవ ఏటి సెలవును తన ఆచార్యులకు కల్పించింది.

మనకూ ఇటువంటివి తెలియనివి కావు. బౌద్ధ భిక్షువులు వర్షాకాలంలో సంచారం మాని ఒకచోట ఉండేవారు. మనకు దగ్గరలోనే ఉన్న కన్హేరి గుహల్లో వారి రాతి గదులు, నీటి తొట్లు ఈనాటికీ చూడవచ్చు. సన్న్యాసుల చాతుర్మాస్యమూ అటువంటిదే. మన చేనేత ఊళ్ళు అనేకంలో అమావాస్య నాడు మగ్గం ఆపే ఆచారం ఉండేది.

తెలుగునాట పనిచేసిన మిషనరీల కథ వింటే విశ్రాంతి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నెల్లూరు బాప్టిస్టు మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ ఆరోగ్యం చెడి 1860ల తొలి సంవత్సరాలలో స్వదేశం వెళ్ళారు. ఫలితం కనబడని ఆ మిషన్‌ను మూసివేయాలని అక్కడ ఆలోచన సాగుతుంటే ఆయన ఒప్పుకోలేదు. కోలుకుని, జాన్ క్లౌ అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని 1865లో తిరిగి వచ్చారు. ఆ క్లౌ దొరగారే తరువాత ఒంగోలులో స్థిరపడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పుచ్చుకుని ఆకలిగొన్న వేలాది జనానికి పని చూపారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకోవడం ఆ మిషన్ చరిత్రలో ప్రసిద్ధం. జ్యూయెట్ గారికి ఆ సెలవు దొరకకపోయి ఉంటే క్లౌ గారిని వెంట తెచ్చేవారెవరు?

మదురై అమెరికన్ మిషనరీలు మైదానపు జ్వరాలకు తాళలేక 1845లో కొడైకానల్ కొండమీద ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడి సరస్సును 1863లో వీర్ లెవింజ్ అనే కలెక్టరు ఏర్పరిచారు. తెలుగు జిల్లాల మిషనరీలూ వేసవిలో అక్కడికి పోయేవారు. అయితే మోటారు బాట పడకముందు వారిలో చాలామందిని కుర్చీలలోనూ డోలీలలోనూ కూర్చోబెట్టి కొండ ఎక్కించినవారు మన కూలీలే. ఒకరి విశ్రాంతి ఇంకొకరి భుజాలమీద ఎక్కి పోయిందన్నమాట. ఎద్దును కూడా లెక్కలో చేర్చిన ఆ పాత నియమం కొండ కింద మరుగున పడింది!

పనివాడి విశ్రాంతి మాటకు వస్తే మన మహారాష్ట్రమే దారి చూపింది. జ్యోతిబా ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి వారానికొక సెలవు అడిగారు. 5,500 మంది సంతకాలతో అర్జీ వెళ్ళింది. ఆదివారం ఇక్కడివారికి ఖండోబా వారం కూడా. ఆరేళ్ళు పోరాడగా 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవుకు ఒప్పుకున్నారు. ఈనాడు మనం సుఖంగా అనుభవించే ఆదివారం ఎవరో దయతో ఇచ్చినది కాదు, మిల్లు కూలీలు అడిగి తీసుకున్నది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి ఒక సెలవు, 48 గంటలకు మించని పని అని నిర్ణయించింది. కాని కరెంటుతో నడిచే చోట పదిమందైనా ఉంటేనే అది ఫ్యాక్టరీ అన్నది ఆ చట్టం. నాలుగేసి, ఎనిమిదేసి సాంచాలుగా విడిపోయిన మన షెడ్లకు ఆ లెక్క అందలేదు. ఇక్కడ పన్నెండు గంటల పాళీ, మీటర్ల లెక్కన కూలి, ఇదే వాడుక అయిపోయింది. దీనికి చిన్న ఆసామిని ఒక్కణ్ణే నిందించి లాభం లేదు. నూలు ధర, కరెంటు బిల్లు, అప్పు మీద వడ్డీ, వీటి మధ్య ఆయన కూడా చాలాచోట్ల తానే సాంచా నడుపుకుంటున్నాడు.

పాస్టరుగారి సెలవులో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి. సెలవులోనూ జీతం ఆగదు. ఆయన పని ఇంకొకరు చూస్తారు. తిరిగి వస్తే ఆయన స్థానం ఆయనకే ఉంటుంది. మన సాంచా కార్మికుడికి ఈ మూడింటిలో ఏది ఉన్నది? జ్వరం వచ్చినా బదిలీ మనిషిని తానే వెతుక్కోవాలి. ఊళ్ళో పెళ్ళికి పోయి వస్తే తన సాంచాలు తనకు దక్కుతాయో లేదో తెలియదు. మరి ఇంట్లో కండెలు చుడుతూ, బీడీలు చేస్తూ, మగవారి సెలవునాడు రెండింతలు వంట చేసే మన అక్కచెల్లెళ్ళకు ఏడవ నాడు ఎప్పుడు వస్తుంది?

సరస్సుల అడవికి పోయే యోగం మనకు లేకపోవచ్చు. ఊరిలోనే వరాలదేవి చెరువు ఉన్నది. వారానికి ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ గట్టు మీద కూర్చుంటే ఖర్చేమీ లేదు. ఆ పూట పొయ్యి వెలిగించే బాధ్యత మగవారు తీసుకుంటే మరీ మంచిది. ఇక సంఘం పెద్దలు ఒక సంగతి ఆలోచించవలెను. జబ్బు పడినవాడికి, కాన్పు ఇంటివాడికి నాలుగు రోజుల కూలి ఇచ్చే చిన్న నిధి, బదిలీ మనిషిని ఏర్పాటు చేసే పద్ధతి, తిరిగి వచ్చినవాడి సాంచాలు అతనికే ఇస్తామన్న ఆసాముల మాట, ఈ మూడూ మనవల్ల కానివి కావు. పెళ్ళి ఊరేగింపుల ఖర్చులో కొంత తగ్గించుకున్నా వాటికి సరిపోతుంది.

సాంచాకు నూనె పోయడానికి ఆపుతాము, అరిగిన భాగం మార్చడానికి ఆపుతాము. నడిపే మనిషి కోసం కూడా ఆపవలెను.