నెల తక్కువ బిడ్డకు అన్నప్రాశన మెప్పుడు?



మెదకు పట్టణమున మా వీధివారు అన్నప్రాశనకు ముహూర్తము కావలసినప్పుడు నా యొద్దకు వత్తురు. మగబిడ్డకు సరి నెల, ఆడుబిడ్డకు బేసి నెల చూచి దినము చెప్పుట నాకు చిరకాలపు అలవాటు. మా అమ్మాయికి ఎనిమిది వారములు ముందుగా ఆడుశిశువు కలిగెను. బరువు కిలోన్నర. ఐదవ నెల నడుచుచుండగా నేను యథాప్రకారము లగ్నము నిర్ణయించి, వెండిగిన్నె తోమించి, బంధువులకు కబురంపితిని.

అమ్మాయి మాత్రము, “నాయనా, పాప యింకను తల నిలుపలేదు. పాయసము మ్రింగగలదా? మీరు ఏ దినమునుండి లెక్కించితిరి?” అని యడిగెను. పుట్టిన దినమునుండి యంటిని. “రావలసిన దినమునుండి లెక్కింపుడు” అనెను. వ్రేళ్లు మడిచి చూచితిని. మూడు నెలలైనను నిండలేదు!

గర్భమున శిశువునకు పూర్ణకాలము 40 వారములు. 37 వారములు నిండక పుట్టిన బిడ్డను నెల తక్కువ బిడ్డ యందురు. ఎన్ని వారములు ముందుగా వచ్చెనో అన్ని వారములు వయస్సులో తగ్గింపవలెను. దీనిని వైద్యులు సవరించిన వయస్సందురు. చాంద్రమానము వెనుకబడినప్పుడు మనము అధికమాసమును చేర్చి సరిపుచ్చుట లేదా? ఇదియు నట్టిదే. రెండేండ్లవరకు ఎదుగుదలను ఈ లెక్కతోనే చూతురు. జాతకమునకును, టీకాలకును మాత్రము పుట్టిన దినమే ప్రమాణము. టీకాలు వాయిదా వేయరాదు.

సుశ్రుతుడు ఆరవ నెలలో తేలికయైన యన్నము పెట్టవచ్చుననెను. నిండు నెలల బిడ్డను తలచియే యట్లు చెప్పియుండునని నా తాత్పర్యము. తల నిలుపని శిశువు నోట ముద్ద పెట్టినచో నాలుక దానిని వెలికి నెట్టును, లేదా అది ఊపిరిగొట్టమున పడును. మన దేశపు ప్రభుత్వాసుపత్రులలో జరిగిన యొక పరిశోధన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడినది. 34 వారములలోపున పుట్టిన 403 శిశువులలో కొందరికి సవరించిన వయస్సున నాలుగు నెలలకు, తక్కినవారికి ఆరు నెలలకు ఆహారము మొదలిడిరి. ఏడాదికి బరువులో భేదము కానరాలేదు. తొందరపడి మొదలిడిన పిల్లలే ఎక్కువసారులు ఆసుపత్రి పాలైరి. శిశువు స్థితినిబట్టి వైద్యుడు కొంత ముందుగా ఆజ్ఞాపించిన, అది ఆయన విచారణ. మన పంచాంగమునకు అందులో జోక్యము లేదు.

అట్లని ఆలస్యమును తగదు. తల్లినుండి శిశువునకు ఇనుము విశేషముగా చేరునది గర్భము చివరి మూడు నెలలలోనే. ముందు వచ్చిన బిడ్డకు ఆ నిలువ కొఱత. అందుచే వైద్యుడు వ్రాసిన ఇనుపధాతువు చుక్కలను మానరాదు. సవరించిన ఆరు నెలలు నిండిన పిమ్మట చనుబాలు మాత్రమే చాలవు. చనుబాలను రెండేండ్లవరకు మానకయే ఆహారము పెట్టవలెను.

ఏమి పెట్టవలెను? మన యిండ్లలో పప్పుపై తేటను త్రాగించి బిడ్డ తినెనని సంతోషింతురు. ఆ తేటతో కడుపు నిండును గాని బలము చేరదు. బియ్యము, పెసరపప్పు మెత్తగా నుడికించి, మెదిపి, కొంచెము నేయి కలిపి, చెంచానుండి జారనంత చిక్కగా నుండవలెను. మొదట రెండు మూడు చెంచాలు, దినమునకు రెండు సారులు, క్రమముగా పెంచవలెను. ఉడికించిన గుమ్మడి, ఆకుకూర, తినువారికి గ్రుడ్డును మంచివే. తేనె మాత్రము ఏడాది నిండువరకు నాకించరాదు. అందుండు సూక్ష్మజీవుల విషము పసిబిడ్డకు ప్రాణాపాయము. ఈ మాట మా యింటి పెద్దలకు నచ్చలేదు.

మా మనుమరాలికి తొమ్మిదవ నెల నడుచుచుండగా అన్నప్రాశన జరిపితిమి. బేసి నెలయే గదా! మొదటి చెంచా ఉమిసెను, రెండవది మ్రింగెను.

ఇక తూనిక సంగతి. అంగన్‌వాడీ కార్డుపై బరువును పుట్టిన వయస్సుకు గుర్తించినచో నెల తక్కువ బిడ్డ చుక్క అడుగున పడును. అది చూచి అత్తలు కోడలిని నిందింతురు, తల్లి భయపడి బలవంతముగా కుక్కును. ఆ చుక్కనే సవరించిన వయస్సు కడ పెట్టి చూడుడు. అప్పటికిని గీత పైకి సాగక నిలిచిపోయినచో, మరుసటి తూనికకై వేచియుండక వైద్యుని యొద్దకు పొండు. కార్డు పైభాగమున పుట్టిన దినము ప్రక్కనే, పుట్టవలసిన దినమును గూడ వ్రాయించుకొనుడు.